లివింగ్ విల్‌లో పిల్లల పేర్లు కాకుండా మేనకోడలి పేరు రాయవచ్చా?

బ్రాడీపేట పెద్దమ్మ:

నాకు డెబ్బై ఏళ్లు. విద్యుత్ శాఖ అకౌంట్స్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. గుంటూరు బ్రాడీపేటలో ఒక్కదాన్నే ఉంటాను. షుగరు చాలా కాలంగా ఉంది, గుండెకు స్టెంట్ వేశారు, ఈ మధ్య క్రియాటినిన్ 2 దాటింది. కిడ్నీ డాక్టరు గారు "ఇప్పుడే కాదు గానీ..." అని మాట మధ్యలో ఆపేశారు. ఆపిన చోట ఏముందో నాకు తెలుసు.

ఆస్తి కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. విల్లు రిజిస్టరు చేయించాను. తెనాలి వైపు ఉన్న కాస్త పొలం అమ్మకం కోసం అమ్మాయికి జీపీఏ (నా తరఫున వ్యవహరించే అధికారపత్రం) రాసిచ్చాను. డిపాజిట్లన్నిటికీ నామినీలు ఉన్నారు. మిగిలింది నా ఒళ్లు ఒక్కటే, దానికి మాత్రం ఏ కాగితమూ లేదు. అందుకే లివింగ్ విల్ రాయాలనుకుంటున్నాను, అంటే నేను మాట్లాడలేని స్థితిలో ఏ చికిత్స చేయాలో, ఏది ఆపాలో, నా తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టే కాగితం.

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. మా పెద్దన్నయ్యకు మెదడులో రక్తనాళం చిట్లింది. ఐసీయూలో వెంటిలేటర్, తర్వాత గొంతుకు రంధ్రం చేసి ఒక గొట్టం, ముక్కులో ఇంకో గొట్టం. కుడిచేయి కాస్త కదిలేది. ఆ చేత్తో ముక్కు గొట్టం లాగేస్తున్నారని గాజుగుడ్డతో మంచం కమ్మీకి కట్టారు. సాయంత్రం ఒక్కొక్కరినీ లోపలికి వదిలేవారు. మా వదిన వెళ్లి ఆ ముడి విప్పి, మణికట్టు మీద పడిన చారను బొటనవేలితో రుద్ది, సమయం అయిపోగానే మళ్లీ తనే కట్టి వచ్చేది. సిస్టర్ వేసే ముడి బిగువుగా ఉంటుందని తన బాధ.

డాక్టర్లు "ఏమంటారు, ఇలాగే కొనసాగిద్దామా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు మా ఇంట్లో ముగ్గురివి మూడు జవాబులు. మేనల్లుడు అమెరికా నుంచి "డబ్బు గురించి ఆలోచించవద్దు, అన్నీ చేయమనండి" అనేవాడు. మేనకోడలు ఇక్కడే స్టాఫ్ నర్సు. రోజూ తండ్రి పక్కనే ఉంది. నాన్న మనిషిగా తిరిగిరాడని ఆ పిల్లకు అందరికన్నా ముందు అర్థమైంది, ఆ మాటే చెప్పింది. "నీకు నాన్న బరువైపోయాడా?" అని అన్న అడిగాడు. వదిన ఇద్దరి ఫోన్లూ ఎత్తడం మానేసింది. చివరకు వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకున్నారు. ఆ సంతకం పెట్టింది మేనకోడలే. అన్న ఇప్పటికీ చెల్లెలితో మాట్లాడడు. మా అన్నయ్య మనసులో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. ఆయన ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నాకు డల్లాస్‌లో అబ్బాయి, బెంగళూరులో అమ్మాయి. ఇద్దరూ మంచివాళ్లే. అయితే అబ్బాయి "అన్నీ చేయండి" అనే రకం. అమ్మాయికి ఇంజెక్షన్ సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి. అందుకే ఆ మేనకోడలి పేరు రాయాలనుకుంటున్నాను. అది చెల్లుతుందా? అమ్మాయికి ఇచ్చిన జీపీఏ దీనికి అడ్డు వస్తుందా, లేక అదే సరిపోతుందా? స్టాంపు పేపరు, రిజిస్ట్రేషన్ కావాలా? రాసిన కాగితం గుంటూరులో ఎవరికి ఇవ్వాలి? తెలిసినవారు చెప్పండి. ధైర్యం చెప్పేవారు వద్దు, అది నా దగ్గర ఉంది.

శ్రేయోభిలాషి:

అమ్మా, శుభమా అంటూ మనవలతో ఆడుకోవలసిన వయసులో ఈ మాటలు ఎందుకు? మీరు నిండు నూరేళ్లు చల్లగా ఉంటారు. రోజూ విష్ణు సహస్రనామం చదువుకోండి, అన్నీ ఆయనే చూసుకుంటాడు.

బ్రాడీపేట పెద్దమ్మ:

చదువుతూనే ఉన్నాను నాయనా. నూరేళ్లు ఇచ్చారు, సంతోషం. అందులో ఆఖరి నెల సంగతే నేను అడుగుతున్నది.

గుంటూరు వకీలు:

పెద్దమ్మ గారూ, ముందు జీపీఏ సంగతి తేలుద్దాం, ఎందుకంటే నా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి ఇదే భ్రమ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం రద్దవుతుంది. ఏ రోజు కోసం దాచిపెట్టుకుంటారో సరిగ్గా ఆ రోజునే జీపీఏ చిత్తుకాగితం అవుతుంది. మతి తప్పాక కూడా నిలిచే పవర్ ఆఫ్ అటార్నీ కొన్ని దేశాల్లో ఉంది, మన చట్టంలో లేదు. విల్లు, నామినేషన్ రెండూ మనిషి పోయాకే పనిచేస్తాయి. మధ్యలో మంచం మీద ఉన్న కాలానికి ఇవేవీ అక్కరకు రావు.

ఆ మధ్యకాలానికి చికిత్స వరకు ఉన్న దారే మీరు అడుగుతున్న లివింగ్ విల్. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న తీర్పు ఇచ్చింది. గౌరవంగా మరణించే హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పి, దీనికి చట్టబద్ధత కల్పించింది. అప్పట్లో జుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం కూడా కావాలన్నారు. కోర్టు మెట్లెక్కి "నా చావు కాగితం మీద సంతకం పెట్టండి" అని అడిగే ఓపిక ఎంతమందికి ఉంటుంది? 2023 జనవరి 24న ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరణ చేయించుకుంటే చాలు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నోటరీలు అలవాటుగా 100 రూపాయల స్టాంపు పేపరు అడుగుతారు, పెడితే నష్టం లేదు. సాక్షులు బయటివారైతే మంచిది. మేనకోడలి పేరు లోపల రాస్తున్నారు కాబట్టి ఆమెను సాక్షిగా పెట్టకండి.

పిల్లల పేర్లే ఉండాలని తీర్పులో ఎక్కడా లేదు. సంరక్షకులు లేదా దగ్గరి బంధువులు అన్నారు, ఒకరికన్నా ఎక్కువ మందిని రాయవచ్చన్నారు. నిక్షేపంగా మేనకోడలి పేరు రాయండి. తర్వాత మనసు మారితే మళ్లీ రాతపూర్వకంగా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. రెండు మూడు ఉంటే అన్నిటికన్నా చివర సంతకం చేసినదే చెల్లుతుంది.

కాపీలు: పేరు రాసినవారికి ఒకటి, మీ ఫ్యామిలీ డాక్టరుకు ఒకటి, స్థానిక సంస్థకు ఒకటి. మీకు స్థానిక సంస్థ అంటే నగరపాలక సంస్థ. ఇలాంటి కాగితాలు భద్రపరిచే అధికారిని వారే నియమించాలని తీర్పు చెబుతోంది. కమిషనర్ గారి పేరిట చిన్న లేఖ జతచేసి తపాలు విభాగంలో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి, లేదా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మీకు ఆభా నంబరు (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా సంఖ్య) ఉంటే డిజిటల్ ఆరోగ్య రికార్డులో కూడా పెట్టుకోవచ్చు.

ఒక జాగ్రత్త. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనూ ఇలాంటి ముందస్తు నిర్దేశం ఒకటి ఉంది. అది మానసిక వ్యాధుల చికిత్సకు మాత్రమే. నెట్‌లో దొరికిన ఫారం నింపుకొని వచ్చేవారిలో సగం మంది చేతిలో అదే ఉంటోంది.

డబ్బు సంగతి వేరే. కోమాలో ఉన్న మనిషి ఖాతా నుంచి డబ్బు తీయాలన్నా, ఆస్తి చూసుకోవాలన్నా సంరక్షకుణ్ని నియమించే సూటి చట్టం లేదు. 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లాలి. కేరళ హైకోర్టు 2019లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. అంత దూరం వెళ్లకుండా ఉండాలంటే ఒక ఖాతానైనా జాయింటుగా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఇప్పుడే మార్పించుకోండి.

బెజవాడ ఐసీయూ డాక్టర్:

వకీలు గారు కాగితం బయట ఏముండాలో చెప్పారు. లోపల ఏముండాలో నేను చెబుతాను, ఎందుకంటే దాన్ని చదవాల్సింది మేము.

"నాకు వెంటిలేటర్ వద్దు" అని ఒక్క వాక్యం రాసి దానికి నోటరీ ముద్ర వేయించుకొస్తారు. ఆ వాక్యంతో నేనేమి చేయను? మీకు రేపు న్యుమోనియా వస్తే నాలుగు రోజులు వెంటిలేటర్ పెట్టి ఐదో రోజు తీసేస్తాం, పదో రోజు ఇంటికి వెళ్లి పప్పు పోపు వేసుకుంటారు. మీ అన్నయ్య గారికి పెట్టిందీ అదే యంత్రం. కాబట్టి యంత్రం పేరు కాదు, మీ పరిస్థితి రాయండి. ఏ స్థితికి తిరిగి రాలేనని తేలితే ఏమేమి ఆపాలో రాయండి. అస్పష్టంగా ఉంటే మెడికల్ బోర్డు అమలు చేయకూడదని తీర్పులోనే ఉంది.

మీరు స్పృహలో ఉండి మాట్లాడగలిగినంత కాలం ఈ కాగితం ఎవరూ తెరవరు. మీ నోటి మాటే మాకు ప్రమాణం. డయాలసిస్ వద్దనే హక్కు కూడా అప్పుడు మీదే. మీరు నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉండి, జబ్బు నయమయ్యే ఆశ లేదని తేలినప్పుడే దీని అవసరం. అప్పుడు కూడా ఒక్క డాక్టరు చేతిలో ఉండదు. హాస్పిటల్‌లో మొదటి బోర్డు కూర్చుంటుంది: చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం 5 ఏళ్ల అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులు. వారు ఆపవచ్చంటే రెండో బోర్డు: జిల్లా ముఖ్య వైద్యాధికారి, అంటే మన దగ్గర డీఎంహెచ్‌ఓ, సూచించిన డాక్టరు ఒకరు, మొదటి బోర్డులో లేని నిపుణులు ఇద్దరు. ఒక్కో బోర్డూ వీలైతే 48 గంటల్లో తేల్చాలి. మీరు పేరు రాసిన మనిషి సమ్మతి కావాలి. ఆపే ముందు హాస్పిటల్ మేజిస్ట్రేటుకు తెలియజేస్తుంది. తెలియజేయడమే, అనుమతి కోసం ఆగడం కాదు. బోర్డు ఒప్పుకోకపోతే మీవారు హైకోర్టుకు వెళ్లవచ్చు.

కాగితం లేకపోయినా దగ్గరి బంధువుల సమ్మతితో ఇదే పద్ధతిలో ఆపే వీలుంది. అయితే మీ ఇంట్లో జరిగినట్లు ముగ్గురు మూడు మాటలంటే మేము ఎప్పుడూ "అన్నీ చేయండి" అన్న వైపే వెళ్తాం. మాకు అదే క్షేమం, కేసులు ఉండవు. ఇష్టం లేకపోయినా ఉన్న మాట చెబుతున్నాను. అందుకే జనం సలహాకు విరుద్ధంగా సంతకం పెట్టి అంబులెన్సులో ఇంటికి తీసుకెళ్లిపోతారు. దారిలో గొట్టం తీసేస్తే ఆ మనిషి ఊపిరి అందక పడే బాధకు మందు ఇచ్చేవారు కూడా ఉండరు. హాస్పిటల్‌లో పద్ధతిగా ఆపితే నొప్పికి, ఆయాసానికి మార్ఫిన్ ఇస్తూ ఆపుతాం. చికిత్స ఆపుతాం గానీ మనిషిని చూసుకోవడం ఆపం. ఆ మాట కూడా కాగితంలో రాయండి.

ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయమని రాస్తే చెల్లదు, అది మన దేశంలో నేరం. అలా అడిగేవారు కూడా ఉంటారు కనుక చెబుతున్నాను.

ఇంకొకటి, 108 సిబ్బంది ఇంటికి వచ్చినప్పుడు ఏ కాగితమూ చదవరు. గొట్టం వేసేస్తారు, వేయాలి కూడా. భయపడకండి. వేసినదాన్ని తీసే దారి ఇదే తీర్పులో ఉంది. అప్పుడు మొదలుపెట్టకపోవడం, మొదలుపెట్టినది ఆపడం రెండూ ఒకటే.

సింగపూర్‌లో తెనాలి అబ్బాయి:

అత్తయ్య గారూ, అలా పిలుస్తున్నందుకు ఏమీ అనుకోకండి, మాది మీ పొలం వైపే. నేను మీ డల్లాస్ అబ్బాయి తరఫున మాట్లాడతాను. ఇంతవరకు ఆయన వైపు ఎవరూ మాట్లాడలేదు.

దూరాన ఉన్న కొడుకు "అన్నీ చేయండి" అనేది డబ్బు ఎక్కువై కాదు. ఫోనులో అమ్మ మణికట్టు మీద చార కనిపించదు. వాట్సాప్‌లో వచ్చేవి రిపోర్టుల ఫొటోలు. వాటిలో ప్రతిరోజూ ఏదో ఒక అంకె నిన్నటికన్నా మెరుగ్గానే ఉంటుంది. దాన్నే పట్టుకుని వేలాడతాం. "చాలు" అన్న మాట ముందు నా నోటి నుంచి వస్తే, అమ్మను చూడటానికి కూడా రాకుండా చంపేశాడంటారని భయం. మా నాన్న అప్పుడు నేనూ అదే అన్నాను.

మేనకోడలి పేరు రాయండి, వద్దనను. కానీ ఆయనకు చెప్పకుండా రాస్తే ఆ కాగితం ఐసీయూ తలుపు దగ్గరే ఆగిపోతుంది. హాస్పిటల్ బిల్లు కట్టేది కొడుకు, సంతకం పెట్టేది మేనకోడలు. బిల్లింగ్ కౌంటర్‌లో ఎవరి మాట వింటారో మీకు తెలియనిది కాదు. పైగా ఆ అమ్మాయి ఇప్పటికే ఒక సంతకం పెట్టి అన్నను పోగొట్టుకుంది. రెండో సంతకం ఆమె మీద పెట్టే ముందు ఆమెను అడిగారా?

బ్రాడీపేట పెద్దమ్మ:

తెనాలి అబ్బాయీ, అత్తయ్య అన్నావు కాబట్టి ఏకవచనంలోనే అంటున్నాను. నీ ప్రశ్న సరైన చోట తగిలింది. మేనకోడలిని అడిగాను. నైట్ డ్యూటీ దిగి ఇటే వచ్చింది, పెసరట్టు వేసి పెట్టి అడిగాను. తిన్నంతసేపూ మాట్లాడలేదు. తర్వాత "పెడతాను అత్తా. కానీ నాన్న విషయంలో నా దగ్గర కాగితం లేదు, నీ విషయంలో ఉండాలి. నీ మాటల్లో ఉండాలి, వకీలు మాటల్లో కాదు" అంది. అందుకని నేనే రాశాను. డాక్టరు గారు చదివి, పనికిరాని చోట గీత కొట్టండి:

"మనుషులను గుర్తుపట్టి, నా చేత్తో అన్నం కలుపుకొని తినే స్థితికి నేను తిరిగి రాలేనని మెడికల్ బోర్డులు తేలిస్తే, నా మరణాన్ని వాయిదా వేయడం తప్ప వేరే ప్రయోజనం లేని చికిత్సలేవీ నాకు చేయవద్దు, మొదలుపెట్టి ఉంటే ఆపేయండి. వెంటిలేటర్, గొంతుకు రంధ్రం, డయాలసిస్, ఆగిన గుండెను మళ్లీ కొట్టించడం, ముక్కు గొట్టంతో ఆహారం ఇందులోకే వస్తాయి. కోలుకునే అవకాశం ఉందని డాక్టర్లు అనుకున్నంత కాలం ఇవన్నీ చేయవచ్చు, నాకు అభ్యంతరం లేదు. నొప్పికి, ఆయాసానికి మందులు చివరిదాకా ఇవ్వాలి, వాటివల్ల మత్తుగా ఉన్నా సరే. నా చేతులు కట్టవద్దు. నా తరఫున మాట్లాడేది నా మేనకోడలు. ఆమె అందుబాటులో లేకపోతే నా కూతురు. ఇద్దరినీ ఒకేసారి అడిగి తగవు పెట్టవద్దు. నా వైద్యం ఖర్చు నా డిపాజిట్ల నుంచే కట్టాలి, పిల్లలు కట్టనక్కర్లేదు."

అబ్బాయికి వీడియో కాల్‌లో ఇదంతా చదివి వినిపించాను. మధ్యలో ఫోను పెట్టేశాడు. రాత్రి మళ్లీ చేసి "వదిన పేరే ఉంచు. కానీ ఆపే ముందు నాకు ఫోను చేయాలని కూడా అందులో రాయి" అన్నాడు. అది రాయవచ్చా? రాస్తే మళ్లీ మా అన్నయ్య కథే అవుతుందేమోనని నా భయం.

బెజవాడ ఐసీయూ డాక్టర్:

నేను చదివిన వాటిలో ఇంత తేటగా ఉన్నవి తక్కువ. రెండే మార్పులు. చేతులు కట్టవద్దన్న మాట కోలుకునే రోజులకు కూడా వర్తిస్తే ఇబ్బంది. ఆపరేషన్ తర్వాత మగతలో గొట్టాలు పీకేసుకునేవారుంటారు. ఆ వాక్యాన్ని "బోర్డులు తేల్చిన తర్వాత" అన్న భాగంలోకి జరపండి. డయాలసిస్ గురించి మీ కిడ్నీ డాక్టరుతో మాట్లాడి, ఎన్ని వారాలు చేసి చూడాలో గడువు రాయండి. ఆయన ఆపేసిన వాక్యాన్ని పూర్తి చేయమని అడగండి. మీరు అడిగితే చెబుతారు, మేము చాలామందిమి అడగలేదు కదా అనే ఊరుకుంటాం.

గుంటూరు వకీలు:

అబ్బాయి కోరింది తప్పక రాయండి. ఫోను చేయాలని రాసి, ఎత్తకపోయినా, ఒప్పుకోకపోయినా ఆగనక్కర్లేదని కూడా రాయండి. డల్లాస్‌లో అప్పుడు అర్ధరాత్రి కావచ్చు, విమానంలో ఉండవచ్చు. ఎన్ని గంటలు ఆగాలో అంకె వేయండి. ఖర్చు డిపాజిట్ల నుంచి అన్నారు, బాగుంది. కానీ అవి మీ ఒక్కరి పేరు మీదే ఉంటే మీరు స్పృహలో లేనప్పుడు బ్యాంకు ఇవ్వదు. కాగితంలో రాసినంత మాత్రాన డబ్బు రాదు.

బ్రాడీపేట పెద్దమ్మ:

ముప్పై ఏళ్లు ఇతరుల ఖాతాలు సరిచూసినదాన్ని, ఈ మాట పడాల్సిందే. ఒక డిపాజిట్ రద్దు చేసి అమ్మాయితో జాయింటు ఖాతాలో వేస్తున్నాను. సంతకం పెట్టడం తన వల్ల కాదంది గానీ బిల్లు కట్టడం వల్లవుతుందట. అబ్బాయికి 12 గంటల గడువు రాశాను. మొదట ఆరు రాస్తే మేనకోడలే పన్నెండు చేయించింది.

సాక్షులుగా పక్క ఫ్లాట్ లెక్చరరు గారు, కింద మందుల షాపు ఆయన ఒప్పుకున్నారు. మందుల షాపు ఆయన మొత్తం చదివి, తనకూ ఒక నకలు కావాలన్నారు, పేర్లు మార్చుకుంటారట. సోమవారం నోటరీ దగ్గరకు వెళ్తున్నాం. వకీలు గారూ, నోటరీ ముందు ఇద్దరు సాక్షులూ ఒకే సమయంలో ఉండాలా? షాపు మూసి రావడం ఆయనకు కుదరకపోతే ఎలా?

గుంటూరు వకీలు:

ఉండాలి. మీ సంతకం ఇద్దరూ కళ్లారా చూసి, తర్వాత వారు సంతకం చేయాలి. షాపు ఆయనకు మధ్యాహ్నం భోజనం వేళ అయితే వీలవుతుందేమో అడగండి. కోర్టు దగ్గర నోటరీలు ఆ సమయంలోనూ ఉంటారు. ఆధార్ కార్డులు ముగ్గురివీ తీసుకెళ్లండి, ప్రతి పేజీ మీదా సంతకం చేయండి.